జమీందారు పెట్టుబడితో జమీందారీ మీద సినిమా: గూడవల్లి రామబ్రహ్మం ప్రయాణం

ద్వారక, న్యూఢిల్లీ: 1939లో మద్రాసులో తయారైన ఒక తెలుగు సినిమా మీద బొబ్బిలి, వెంకటగిరి సంస్థానాధీశులు కన్నెర్రజేశారు. ఆ సినిమా పేరు ‘రైతుబిడ్డ’. జమీందారీ గ్రామంలో ఒక చిన్నరైతు పడే పాట్లు దాని కథ. లీగల్ నోటీసులు వెళ్లాయి. నోటీసులు అందుకున్న నిర్మాత కూడా జమీందారే. ఆయన చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్. ఒక జమీందారు డబ్బుతో జమీందారీ వ్యవస్థనే తెర మీద నిలదీసిన దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం.

తెలుగు సినిమా చరిత్ర రాసినవారంతా ఈయన పేరు దగ్గర ఆగుతారు. సాధారణ ప్రేక్షకుడికి మాత్రం ఆ పేరు అంతగా తెలియదు. ఆయన తీసిన సినిమాలు పది కూడా లేవు. 44 ఏళ్లకే కన్నుమూశారు. అయినా కులం మీద, భూమి మీద తెలుగు తెర ఏం మాట్లాడగలదో, ఎంతవరకు మాట్లాడగలదో మొదట పరీక్షించి చూసింది ఆయనే.

పత్రిక నుంచి కెమెరా దాకా

రామబ్రహ్మం 1902 జులై 24న కృష్ణా జిల్లా గన్నవరం ప్రాంతంలోని నందమూరులో పుట్టారు. స్వాతంత్య్రోద్యమ ప్రభావంలో చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఆనాటి కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో ఒకేసారి అనేక ఉద్యమాలు నడుస్తున్నాయి. ఒకవైపు కాంగ్రెస్, ఇంకోవైపు బ్రాహ్మణేతర ఉద్యమం. గ్రంథాలయోద్యమం, వాడుక భాష కోసం పోరాటం, త్రిపురనేని రామస్వామి చౌదరి హేతువాదం, ఎన్.జి. రంగా రైతు సంఘాలు కూడా అక్కడే పుంజుకున్నాయి. రామబ్రహ్మం ఆలోచనల్లో వీటన్నిటి జాడా కనిపిస్తుంది. ఆయన్ని పూర్తిగా ఏ ఒక్క శిబిరానికీ రాసివ్వలేం.

మద్రాసు చేరిన తర్వాత ఆయన వృత్తి పత్రికా రచన. ‘ప్రజామిత్ర’ వారపత్రికకు సంపాదకుడిగా పేరు తెచ్చుకున్నారు. తర్వాతి కాలంలో తెలుగు సినిమాకు మాటలు, పాటలు రాసి పెద్ద పేరు సంపాదించిన సముద్రాల రాఘవాచార్య ఆ పత్రికలో ఆయన సహచరుడు. మద్రాసులో అప్పుడు పత్రికల వాళ్లు, ప్రెస్సుల వాళ్లు, నాటకాల వాళ్లు, సినిమా వాళ్లు దాదాపు ఒకే గుంపు. పత్రికాఫీసులో సాయంత్రం కలిసినవాళ్లే మర్నాడు స్టూడియోలో కనిపించేవారు. వార్తలు రాసే మనిషి సినిమా తీయడం ఆనాడు వింత కాదు. పత్రికలో రాసిన విషయాన్నే సినిమాగా తీయాలనుకోవడం మాత్రం వింతే.

ఎందుకంటే తెలుగు టాకీకి అప్పటికి పురాణమే ఆధారం. 1932లో వచ్చిన తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ దగ్గర నుంచి కథలన్నీ ఊరూరా నాటకాలుగా ఆడినవే. పద్యాలు ప్రేక్షకులకు ముందే నోటికి వచ్చు. నటులు నాటక కంపెనీల నుంచి దొరుకుతారు. పెట్టుబడి పెట్టేవాడికి ధైర్యంగా ఉంటుంది. 1936లో ‘ప్రేమవిజయం’ పేరుతో ఒక సాంఘిక చిత్రం వచ్చినా అది నిలబడలేదు. సమకాలీన జీవితం మీద సినిమా తీస్తే డబ్బు పోతుందన్న నమ్మకం మరింత బలపడింది.

ఆ రోజుల్లోనే చల్లపల్లి రాజా అండతో సారథి ఫిలిమ్స్ ఏర్పడింది. వ్యవహారం నడిపే బాధ్యత రామబ్రహ్మానిది. చేతిలో సంస్థ ఉంది, డబ్బు ఉంది. అందరిలాగే ఒక పురాణంతో మొదలుపెట్టి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

‘మాలపిల్ల’: గుడి తలుపు ముందు తెలుగు సినిమా

1938లో ‘మాలపిల్ల’ వచ్చింది. కథ గుడిపాటి వెంకటచలానిది. సంప్రదాయ కుటుంబాల్లో పేరెత్తడానికే జంకే రచయిత దగ్గర కథ తీసుకోవడం మొదటి సాహసం. సినిమాకు కులం పేరే పెట్టడం రెండోది.

కథ కల్యాణపురం అనే ఊళ్లో జరుగుతుంది. అక్కడి ఆలయ పెద్ద సుందరరామశాస్త్రి. దళితులకు గుడి ప్రవేశం కావాలని ఊళ్లో ఉద్యమం నడుస్తుంటుంది. శాస్త్రి దాన్ని అడ్డుకుంటాడు. ఆయన కొడుకు నాగరాజు శంపాలత అనే దళిత యువతిని ప్రేమిస్తాడు. ఇద్దరూ కలకత్తా వెళ్లిపోతారు. ఊళ్లో పోరాటం సాగుతుంది. చివరికి శాస్త్రి మనసు మారుతుంది, గుడి తలుపులు తెరుచుకుంటాయి.

శంపాలతగా కాంచనమాల నటించింది. ఈ ఒక్క సినిమాతో ఆమె తెలుగునాట తిరుగులేని తార అయింది. ఆమె బొమ్మ కేలెండర్ల మీదికెక్కి ఇళ్ల గోడలకు చేరింది. శాస్త్రి పాత్ర వేసిన గోవిందరాజుల సుబ్బారావుకు ఇదే తొలి సినిమా. రంగస్థలం మీద అప్పటికే పేరున్న ఈ నటుడు తర్వాత ‘షావుకారు’లో చెంగయ్యగా, ‘కన్యాశుల్కం’లో లుబ్ధావధాన్లుగా చిరకాలం గుర్తుండిపోయాడు.

మాటలు రాసింది తాపీ ధర్మారావు. ఆయన పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి శిష్యుడు. తెర మీద మనుషులు గ్రాంథికంలో మాట్లాడుకునే కాలంలో ఈ సినిమాలో జనం మాట్లాడుకునే తెలుగు వినిపించింది. గుడి తలుపుతో పాటు భాష తలుపు కూడా తెరవాలన్న పట్టుదల అందులో ఉంది. భీమవరపు నరసింహారావు సంగీతం, బసవరాజు అప్పారావు పాటలు సినిమాను పామరుడి దాకా తీసుకెళ్లాయి. ఆ పాటలు తెర మీద వినిపించే నాటికి అప్పారావు చనిపోయి అయిదేళ్లయింది.

ఇది గాల్లోంచి పుట్టిన కథ కాదు. గాంధీ హరిజన యాత్ర 1933 డిసెంబరులో ఆంధ్ర జిల్లాల్లో సాగింది. 1936 నవంబరులో తిరువాన్కూరు మహారాజు ఆలయ ప్రవేశ ప్రకటన చేశాడు. 1937లో మద్రాసులో రాజాజీ ప్రభుత్వం వచ్చింది. 1939లో మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశానికి వీలు కల్పించే చట్టం వచ్చింది. అంటే ‘మాలపిల్ల’ విడుదలయ్యే నాటికి వాదన ఇంకా తేలలేదు. ఊళ్లలో గుడి తలుపులు మూసే ఉన్నాయి. సినిమా ఆ వాదనలోకి నేరుగా దిగింది.

అగ్రహారాల్లో నిరసన వచ్చింది. సినిమా చూసి వచ్చి స్నానం చేసి ఇంట్లోకి వెళ్లినవారి గురించి సినీ చరిత్రకారులు చెబుతుంటారు. నిరసనను ప్రచారంగా మార్చుకోవడానికి రామబ్రహ్మం బ్రాహ్మణులకు ఉచిత ప్రవేశమని ప్రకటించారన్నది ఆ రోజుల గురించి ప్రచారంలో ఉన్న ముచ్చట. సంపాదకుడిగా ఆయనకు జనం నాడి తెలుసు. తిట్టడానికి వచ్చినవాడు కూడా చూస్తాడన్నది ఆయన లెక్క. లెక్క తప్పలేదు. ‘మాలపిల్ల’ పెద్ద విజయం సాధించింది. సాంఘిక చిత్రానికి డబ్బులు రావన్న మాట అక్కడితో చెల్లకుండా పోయింది.

ఈనాటి కళ్లతో చూస్తే ఆ సినిమా పరిమితులు కనబడతాయి. మారవలసింది అగ్రవర్ణం మనసు కాబట్టి కథ కూడా ఆ మనసు చుట్టూనే తిరుగుతుంది. దళితులు తమ మంచితనాన్ని, త్యాగాన్ని రుజువు చేసుకున్నాకే తలుపు తెరుచుకుంటుంది. నాయిక పట్నం వెళ్లి చదువు, నాగరికత నేర్చుకుంటేనే కథలో ఆమెకు స్థానం దక్కుతుంది. హక్కుగా రావలసింది దయగా వస్తుంది. గాంధీ మార్గంలోని సంస్కరణవాదానికి ఉన్న హద్దే ఇది. అప్పటికే అంబేడ్కర్ ఆ హద్దును గట్టిగా ప్రశ్నిస్తున్నారు. రామబ్రహ్మం సినిమా అక్కడిదాకా వెళ్లలేదు. కానీ ఆ ప్రశ్నను వేలాది మంది మధ్యకు, చీకటి హాల్లోకి తెచ్చింది.

‘రైతుబిడ్డ’: ఓటు వేసిన నేరం

మొదటి సినిమా ఆడాక రెండోది ఇంకాస్త జాగ్రత్తగా తీయడం సినిమా రంగంలో ఆనవాయితీ. రామబ్రహ్మం అందుకు విరుద్ధంగా వెళ్లారు.

1930ల చివర్లో ఆంధ్ర జిల్లాల్లో భూమి సమస్య మండుతోంది. రైతు రక్షణ యాత్ర 1937 జులైలో ఇచ్ఛాపురంలో మొదలై ఊరూరా తిరుగుతూ 1938 మార్చి నాటికి మద్రాసు చేరింది. అప్పటి రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన జమీందారీలపై విచారణ సంఘం ఏర్పడింది. భూమికి యజమాని రైతే, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే అని ఆ సంఘం తేల్చింది. శిస్తును 1802 నాటి శాశ్వత పరిష్కారం స్థాయికి తగ్గించాలని సూచించింది. జమీందారులకు ఇది ప్రాణసంకటమైంది.

‘రైతుబిడ్డ’ కథ అక్కడ పుట్టింది. ఎన్నికలొస్తాయి. జమీందారు మనిషికి కాక రైతుల అభ్యర్థికి ఓటు వేస్తాడు నర్సిరెడ్డి అనే చిన్నరైతు. అప్పిచ్చిన షావుకారు, జమీందారు మనుషులు ఆ కుటుంబం మీద కక్ష కడతారు. ఆ రోజుల్లో ఓటు హక్కు అందరికీ లేదు. ఆస్తి, పన్ను, చదువు అర్హతలుగా ఉండేవి. ఓటు దొరికిన రైతు కూడా దాన్ని తన ఇష్ట ప్రకారం వేయగలడా అన్నది సినిమా అడిగిన ప్రశ్న. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజా ఓడిపోయి రెండేళ్లే అయింది. మద్రాసు ప్రధానిగా పనిచేసిన ఆయన్ని ఓడించింది వి.వి. గిరి. ప్రేక్షకుడికి తెర మీది కథ ఎవరిదో ఒకరు విడమరిచి చెప్పనక్కర్లేదు.

నర్సిరెడ్డి పాత్ర వేసింది బళ్లారి రాఘవ. న్యాయవాదిగా, రంగస్థల మహానటుడిగా దేశమంతా తెలిసిన మనిషి సినిమాల్లో నటించింది అతి తక్కువ. ఆయన ఒప్పుకున్న కొద్ది పాత్రల్లో ఒక పేదరైతు పాత్ర ఉండటం చిన్న విషయం కాదు. మిగతా బృందాన్ని చూసినా రామబ్రహ్మం ఎంపిక అర్థమవుతుంది. త్రిపురనేని రామస్వామి కుమారుడు గోపీచంద్ రచయితగా సినిమాల్లోకి వచ్చింది ఈ చిత్రంతోనే. తర్వాత ఆయన ‘అసమర్థుని జీవయాత్ర’ నవల రాశారు. పల్లె పదాన్ని పాటగా మలిచే కొసరాజు రాఘవయ్యకు కూడా ఇదే తొలి అడుగు. కూచిపూడి నుంచి వచ్చిన వేదాంతం రాఘవయ్య ఈ సినిమాకు నృత్యాలు సమకూర్చారు. 1953లో ‘దేవదాసు’ తీసింది ఆయనే. బాలగాయని టంగుటూరి సూర్యకుమారి ఇందులో నటించింది. ఆమె ప్రకాశం పంతులు తమ్ముడి కూతురు. పెదనాన్న శాసనసభలో జమీందారీ మీద వాదిస్తున్న కాలంలోనే అమ్మాయి తెర మీద రైతు కథలో పాడింది. సూర్యకుమారి తర్వాత లండన్‌లో స్థిరపడి, 2005లో అక్కడే కన్నుమూశారు.

సినిమా బయటికి రాగానే గొడవ మొదలైంది. బొబ్బిలి, వెంకటగిరి సంస్థానాల నుంచి నోటీసులు వచ్చాయి. కొన్నిచోట్ల ప్రదర్శన ఆగింది, నిషేధాలు వచ్చాయి. జమీందారీ ప్రాంతంలో థియేటర్ నడపాలన్నా, టూరింగ్ టాకీస్ డేరా వేయాలన్నా స్థలం ఎవరిదో, అనుమతి ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలి. సినిమా ఎవరి గురించి తీశారో వాళ్ల ఊళ్లకే అది చేరకుండా చేయడానికి అంతకంటే పెద్ద యంత్రాంగం అక్కర్లేదు.

బయట పరిస్థితి కూడా మారిపోయింది. 1939 సెప్టెంబరులో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. అక్టోబరులో కాంగ్రెస్ మంత్రివర్గం రాజీనామా చేసింది. ప్రకాశం సంఘం సిఫార్సులు కాగితాల మీదే ఉండిపోయాయి. సినిమా మాట్లాడిన విషయం మీద చట్టసభలో మాట్లాడేవాళ్లే లేకుండా పోయారు.

పెట్టుబడి, నమ్మకం

చల్లపల్లి రాజా ఈ సినిమాకు డబ్బు ఎందుకు పెట్టారన్నది ఇప్పటికీ ఆసక్తి రేపే ప్రశ్న. జమీందారుల్లో కళలను, విద్యను పోషించినవాళ్లున్నారు. మారుతున్న కాలాన్ని పసిగట్టినవాళ్లూ ఉన్నారు. ‘మాలపిల్ల’ తెచ్చిన లాభం, పేరు కూడా తక్కువేమీ కాదు. కారణం ఏదైనా, సినిమా అనే ఖరీదైన కళలో ఎవరి గురించి కథ చెప్పాలన్నా డబ్బున్నవాళ్ల దగ్గరికే వెళ్లాలన్న నిజాన్ని రామబ్రహ్మం జీవితం సూటిగా చూపిస్తుంది. పత్రికకు కావలసింది కొంత కాగితం, ఒక ప్రెస్సు. సినిమాకు స్టూడియో, ఫిలిం, నటులు, హాళ్లు, పంపిణీదారులు అందరూ కావాలి. ఆ గొలుసులో ఏ ఒక్క లంకె తెగినా సినిమా ఆగిపోతుంది. రామబ్రహ్మం విషయంలో నిర్మాత దగ్గర తెగలేదు, ప్రదర్శన దగ్గర తెగింది.

‘రైతుబిడ్డ’ తర్వాత ఆయన దారి మారింది. 1940లో ‘ఇల్లాలు’ తీశారు. కాంచనమాల అందులో మళ్లీ నటించింది. సాలూరి రాజేశ్వరరావు సంగీతం, ఆయన రావు బాలసరస్వతితో కలిసి పాడిన పాటలు తెలుగు లలిత సంగీతానికి కొత్త దారి చూపాయి. 1941లో ‘అపవాదు’, 1942లో ‘పత్ని’, 1943లో ‘పంతులమ్మ’ వచ్చాయి. ‘పత్ని’ కణ్ణగి, కోవలన్‌ల కథ. కణ్ణగిగా ఋష్యేంద్రమణి, కోవలన్‌గా కె.ఎస్. ప్రకాశరావు నటించారు. ఇవన్నీ స్త్రీ చుట్టూ, కుటుంబం చుట్టూ అల్లుకున్న కథలే. సంస్కరణ ధోరణి వాటిలో లేదని కాదు. కానీ ఒక బలమైన వర్గాన్ని పేరు పెట్టి నిలదీసే పని మళ్లీ జరగలేదు.

దానికి నిషేధమొక్కటే కారణమని చెప్పడం తొందరపాటవుతుంది. యుద్ధం వల్ల ముడి ఫిలిం కరువైంది. 1942లో ప్రభుత్వం సినిమా నిడివిని 11,000 అడుగులకు పరిమితం చేసింది. జపాన్ దాడి భయంతో అదే ఏడాది ఏప్రిల్‌లో మద్రాసు సగం ఖాళీ అయింది. ఆ తర్వాత లైసెన్సు ఉంటేనే ఫిలిం దొరికేది. అలాంటి రోజుల్లో ప్రతి అడుగు ఫిలింకూ లెక్క చెప్పాలి. నష్టం వచ్చే కథ జోలికి ఎవరూ పోరు.

1945లో ఆయన ‘మాయాలోకం’ తీశారు. కాంభోజరాజు కథ ఆధారంగా తీసిన ఈ జానపద చిత్రంలో అప్పుడే సినిమాల్లోకి వచ్చిన అక్కినేని నాగేశ్వరరావు నటించారు. సినిమా బాగా ఆడింది. పురాణాలు, జానపదాలు వద్దనుకుని మొదలుపెట్టిన దర్శకుడు చివరికి జానపదం తీసి నిలదొక్కుకోవలసి వచ్చింది.

చివరి సినిమా

నిలదొక్కుకున్నాక మాత్రం ఆయన ‘పల్నాటి యుద్ధం’ ఎంచుకున్నారు. పైకి అది వీరగాథ. కత్తులు, కోడిపందేలు, రాజనీతి. లోపల మరో కథ ఉంది. బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టినవాడు. దళితుడైన కన్నమదాసును సేనానిగా నిలబెట్టినవాడు. తెలుగువాళ్లు శతాబ్దాలుగా పాడుకుంటున్న కథలోనే ‘మాలపిల్ల’ ప్రశ్న ఉందని రామబ్రహ్మం గుర్తుపట్టారు. ఈసారి పక్కవాడి ఉద్యమం అని ఎవరూ తోసిపుచ్చలేరు. ఇది పల్నాడు మట్టిలో పుట్టిన కథ.

నాగమ్మగా కన్నాంబ, బ్రహ్మనాయుడిగా గోవిందరాజుల సుబ్బారావు, బాలచంద్రుడిగా నాగేశ్వరరావు. ‘మాలపిల్ల’లో గుడి తలుపు మూసిన శాస్త్రి వేషం కట్టిన నటుడే ఇక్కడ చాపకూడు పెట్టే బ్రహ్మనాయుడయ్యాడు. చిత్రీకరణ నడుస్తుండగా రామబ్రహ్మం ఆరోగ్యం దెబ్బతింది. 1946 అక్టోబరు 1న ఆయన కన్నుమూశారు. ఆయన నర్సిరెడ్డి, బళ్లారి రాఘవ అదే ఏడాది ఏప్రిల్‌లో చనిపోయారు. మిగిలిన భాగాన్ని ఎల్.వి. ప్రసాద్ పూర్తి చేశారు. 1947లో సినిమా విడుదలై విజయం సాధించింది.

మరో ఏడాదికి, 1948లో, మద్రాసు శాసనసభ జమీందారీ రద్దు చట్టం చేసింది. ‘రైతుబిడ్డ’ను అడ్డుకున్న బొబ్బిలి, వెంకటగిరి సంస్థానాలతో పాటు దాన్ని నిర్మించిన చల్లపల్లి కూడా దానికిందికి వచ్చింది.

తర్వాత మిగిలింది

రామబ్రహ్మం పోయాక సారథి సంస్థ ఆగిపోలేదు. 1955లో ఆ బ్యానర్ మీద ‘రోజులు మారాయి’ వచ్చింది. రైతులకు, భూస్వామికి మధ్య నడిచే కథ అది. దర్శకుడు తాపీ చాణక్య, ‘మాలపిల్ల’కు మాటలు రాసిన ధర్మారావు కుమారుడు. పాటల్లో ‘రైతుబిడ్డ’తో మొదలైన కొసరాజు చేయి ఉంది. పదహారేళ్ల కిందట నోటీసులు తెచ్చిన కథావస్తువు ఈసారి వందల రోజుల సంబరం తెచ్చింది. జమీందారీ రద్దయింది కాబట్టి ఇప్పుడా మాట అనడం ప్రమాదం కాదు. ప్రమాదమైనప్పుడు అన్నవాడు మాత్రం లేడు. అదే పేరుతో హైదరాబాద్ అమీర్‌పేటలో లేచిన సారథి స్టూడియో తెలుగు సినిమా మద్రాసు నుంచి తరలి రావడానికి తొలి మజిలీ అయింది. పూర్తిగా హైదరాబాద్‌లోనే తీసిన తొలి తెలుగు సినిమాగా చెప్పే ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో అక్కడ తయారైంది.

ద్వారకకు కాస్త దూరంలో, రోహతక్ రోడ్డు మీదున్న టిక్రీ సరిహద్దులో 2020 నవంబరు నుంచి ఏడాదికి పైగా రైతులు బైఠాయించారు. ఫోన్లలో, చిన్న కెమెరాలతో ఆ రోజులను చిత్రించినవాళ్లకు ఏ రాజా అవసరమూ రాలేదు. తీయడం తేలికైంది. తీసింది ఎవరికి చేరుతుంది, ఎవరు ఆపుతారు అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. కులం దాటి పెళ్లి చేసుకున్న జంటల మీద దాడుల వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. 1938లో తెర మీద తెరుచుకున్న తలుపు చాలా ఊళ్లలో ఇంకా సగమే తెరుచుకుంది.

ఆయన పనిని లెక్కగట్టాలంటే విజయాలు, పరాజయాల పట్టిక చాలదు. డబ్బు తనది కాకపోయినా, చెప్పే విషయం తనదే కావాలని ఆయన రెండుసార్లు పట్టుబట్టారు. మొదటిసారి జనం గెలిపించారు. రెండోసారి ఆ సినిమా జనం దగ్గరికి వెళ్లకుండానే తీర్పు వచ్చేసింది. మూడోసారి పాత వీరగాథ మాటున అదే విషయం చెప్పబోయారు, ఆయుష్షు చాల్లేదు. ఆ మూడు ప్రయత్నాల మధ్య ఉన్నది తొమ్మిదేళ్లే.